పది లక్షల మూడు

మా ఏటిపాడు జనాభా లెక్క తేలినప్పుడు మొదట వచ్చిన అంకె సరిగ్గా పది లక్షలు. ఒకటి పక్కన ఆరు సున్నాలు. నగరపాలక సంస్థలో ప్రజాసంబంధాల అధికారిని నేనే కాబట్టి, పత్రికలకు రాయడం కోసం ఆ కాగితం ముందుగా నా చేతికే వచ్చింది. చూడగానే నాకు నచ్చలేదు. కమిషనరు విరూపాక్షరావుగారికి అంతకన్నా నచ్చలేదు.

"ఏమిటయ్యా ఇది, అన్నీ సున్నాలు! పెళ్లిలో చదివింపులకైనా వంద మీద పదహారు వేస్తాం. వినాయకుడి పందిరికి చందా ఇచ్చినా నూట పదహారే. ఇంత పెద్ద నగరం, జనాభా బోడిగా సున్నాతో ముగుస్తుందా? పైగా చూసినవాడెవడైనా ఇది గదిలో కూర్చుని వండిన లెక్క అంటాడు."

ఆ రెండో మాట నిజమే. మా ఆఫీసులో వండిన లెక్కలన్నీ అసలు లెక్కల్లా ఉంటాయి. జీవితంలో ఒక్కసారి అసలు లెక్క వస్తే అది వండినట్టు కనపడింది. ఏం చేస్తాం, అలవాటు లేని పని.

వెంటనే ఇద్దరు ఎన్యూమరేటర్లని బస్టాండుకి పంపారు. నూట పదహారు మందిని రాసుకు రమ్మన్నారు. వీళ్లు పుస్తకాలు పట్టుకుని లోపలికి అడుగు పెట్టగానే జనం టికెట్ల తనిఖీ అనుకుని దొరికిన బస్సల్లా ఎక్కేశారు. బెంచీల మీద నిద్రపోతున్న ముగ్గురు మాత్రం దొరికారు. వాళ్లని లేపి పేర్లు రాసుకున్నారు. పేర్లు చెప్పి వాళ్లూ ఏదో ఊరి బస్సెక్కి వెళ్లిపోయారు. గెజిట్లో అచ్చయింది: ఏటిపాడు జనాభా పది లక్షల మూడు.

"చూశారా, ఇప్పుడెంత నిండుగా ఉందో!" అని కమిషనరుగారు మిఠాయి తెప్పించారు.

ఇక్కడ కనకరత్నం గురించి చెప్పాలి. మా ఆఫీసు వెనక పప్పులవీధిలో ఆవిడ టిఫిను సెంటరు నడుపుతుంది. ఇల్లంతా ఆ పెనం మీదే నడుస్తుంది. ఆ కొట్టు ముందున్న మురుగుకాలవ పూడిపోయి, పైనున్న పలక విరిగి, నల్లటి నీళ్లు రోడ్డు మీదికి పొంగుతున్నాయి. పెసరట్టు ఎంత బాగున్నా ముక్కు మూసుకుని తినడం మనిషికి చేతకాదు కదా. బేరాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. వానలు పడేలోగా కాలవ బాగవకపోతే కొట్టు మూసుకోవడమే అని ఆవిడ నాతో చెప్పింది. నేను రోజూ తినేది అక్కడే కనుక నాకూ దిగులేసింది.

"బాబుగారూ, మీరు పేపర్లకి రాత్తారు గదండీ. మా కాలవ గురించి ఓ ముక్క రాయండీ" అంది.

"నేను రాసేది జరిగిన పనుల గురించమ్మా."

"మరి జరగని పనుల గురించి ఎవరు రాత్తారండీ?"

"వాటి గురించి కూడా నేనే రాస్తాను. జరిగాయని రాస్తాను."

ఆవిడ నా వంక జాలిగా చూసి ఇంకో గరిటె చట్నీ వేసింది. పాత కార్పొరేటరు దగ్గరికి వెళితే, నా పదవీకాలం అయిపోయింది, కొత్త వార్డులు గీస్తున్నారు, కొత్తగా గెలిచేవాడికి చెప్పుకో అన్నాడట. కొత్త వార్డులు ఎప్పుడు గీస్తారా అని ఏటిపాడు మొత్తం మీద నిజంగా ఎదురు చూసింది కనకరత్నం ఒక్కతే.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి ఒక నినాదం పుట్టింది: 'ఎవరినీ మిగల్చం.' నినాదం నినాదంగా ఉన్నంత కాలం ఎవరికీ హాని చెయ్యదు. గోడల మీద ఉంటుంది, వానకి వెలిసిపోతుంది. కానీ రాజధానిలో ఎవరో చురుకైన అధికారి దాన్ని ఉత్తర్వుగా మార్చాడు. అది ఇలా ఉంది:

"శేషరహిత పాలన ధ్యేయముగా, ఇకపై ప్రతి నగరములోను వార్డులన్నింటి జనాభా అక్షరాలా సమానముగా ఉండవలెను. ఒక వార్డున ఒక్క మనిషి ఎక్కువైనను తక్కువైనను సదరు విభజన చెల్లదు. భాగహారమున శేషము మిగిలిన యెడల సంబంధిత అధికారిపై క్రమశిక్షణ చర్య తీసుకొనబడును. వార్డుల సంఖ్య యాభైకి తగ్గరాదు."

"ఇందులో ఏముంది? మనకి ఎప్పటినుంచో యాభై వార్డులు. యాభైతో భాగించండి" అన్నారు విరూపాక్షరావుగారు.

టౌన్‌ప్లానింగ్ అధికారి కోదండపాణి భాగించారు. ముగ్గురు మిగిలారు. యాభై ఒకటితో భాగిస్తే నలభై ఆరుగురు మిగిలారు. యాభై రెండుతో నలభై ముగ్గురు. యాభై మూడుతో భాగిస్తే యాభై ఇద్దరు మిగిలారు. అంటే ఊళ్లో ఇంకొక్క మనిషి ఉంటే చాలు, లెక్క చక్కగా తెగిపోయేది.

"ఒక్క మనిషేనా! ప్రసూతి ఆసుపత్రికి ఫోను చెయ్యండి!" అన్నారు కమిషనరుగారు.

"గెజిట్ తర్వాత పుట్టినవాళ్లు లెక్కలోకి రారు సార్" అన్నారు కోదండపాణి. "గెజిట్ తర్వాత పోయినవాళ్లు లెక్కలోంచి పోరు కూడా."

ఆ బస్టాండు ముగ్గురినీ తీసేద్దామా అన్నాను నేను. కమిషనరుగారు నన్ను దేశద్రోహిని చూసినట్టు చూశారు. అచ్చయిన సంఖ్యని ముట్టుకుంటే మొదటి లెక్క ఎందుకు మార్చారని అడుగుతారు. అది అడిగితే నూట పదహారు సంగతి చెప్పాలి. కనుక సంఖ్య అలాగే ఉండాలి, విభజనే దారికి రావాలి.

వారం పాటు భాగించి కోదండపాణి ఫైల్లో రాశారు: "సదరు సంఖ్య విభజనకు సహకరించుట లేదు." కమిషనరుగారు కింద ఎర్ర సిరాతో రాశారు: "నచ్చజెప్పి చూడవలెను."

నచ్చజెప్పడానికి శ్యామసుందరిగారిని పిలిపించారు. ఆవిడ మహిళా కళాశాలలో గణితం చెప్పి రిటైరైన లెక్చరరు. ఇచ్చిన కాఫీ చల్లారేలోగా తన సంచిలోంచి లెక్క తీసి బల్ల మీద పెట్టేశారు.

"ఇది ప్రధాన సంఖ్య అండీ. ఒకటీ, తనూ తప్ప మరే సంఖ్యా దీన్ని శేషం లేకుండా భాగించదు."

"అలాగని ఎవరు నిర్ణయించారమ్మా? ఏ ఉత్తర్వు ప్రకారం?"

"ఉత్తర్వు కాదండీ, అది దాని స్వభావం."

"ప్రభుత్వంలో పడ్డాక స్వభావం మార్చుకోనివాళ్లని నేనింతవరకు చూడలేదు" అన్నారు కమిషనరుగారు. "అయినా మీరు అన్ని సంఖ్యలతోనూ భాగించి చూశారా?"

"అన్నిటితో అక్కర్లేదండీ. వెయ్యిని వెయ్యితో హెచ్చిస్తే పది లక్షలు. ఈ సంఖ్య రెండు సంఖ్యల లబ్ధంగా విడిపోయేదైతే అందులో చిన్నది వెయ్యిలోపే దొరకాలి. వెయ్యిలోపు దొరకలేదు. అంటే ఇక లేదు."

"వెయ్యి దగ్గర ఆపేశారా!" కమిషనరుగారు కోదండపాణి వైపు తిరిగారు. "రేపు ఆడిట్ వాళ్లు వచ్చి మిగతా తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేలతో ఎందుకు చూడలేదని అడిగితే ఎవరు చెబుతారు?"

"నాకు తెలిసినంత వరకు గణితంలో ఆడిట్ లేదండీ" అని శ్యామసుందరిగారు లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "ముగ్గురిని పక్కన పెట్టండి. వార్డుకి ఇరవై వేల చొప్పున యాభై వార్డులు చక్కగా వస్తాయి" అన్నారు.

"ఎవరినీ మిగల్చం అన్నాక ముగ్గురిని ఎలా మిగులుస్తామమ్మా? ప్రభుత్వం నవ్వులపాలు కాదూ?"

ప్రభుత్వం నవ్వులపాలు కాకుండా ఉండడానికి మర్నాటి నుంచి ఆఫీసంతా భాగహారాలు మొదలుపెట్టింది. సెక్షన్ల వారీగా సంఖ్యలు పంచారు. జనన మరణాల విభాగానికి మొదటి లక్ష. దోమల మందు కొట్టేవాళ్లకి నాలుగు లక్షల నుంచి ఐదు లక్షల దాకా. పారిశుద్ధ్యం వాళ్లకి ఐదు నుంచి ఏడు లక్షలు. ఐదు లక్షలు దాటితే సగం దాటినట్టే, ఇక తను తప్ప మరే సంఖ్యా భాగించదని పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. కానీ మా దగ్గర పసిపిల్లలు పనిచెయ్యరు. ఊళ్లో దోమలు గుంపులు కట్టి తిరిగాయి. ఊడ్చేవాళ్లు లేక చెత్తకుండీలు పొర్లిపోయాయి. కనకరత్నం ఫిర్యాదు రాసుకుని వస్తే కౌంటరులో గుమస్తా తలెత్తకుండా, "ఉండమ్మా, ఇంకా మూడు దించాలి, మధ్యలో మాట్లాడించకు" అన్నాడు. ఆవిడ నా గదిలోకి వచ్చి ఆ కాగితం నా చేతిలో పెట్టింది. కొట్టుకి బేరాలు సగానికి సగం పడిపోయాయని చెప్పింది. నేనేం చెయ్యగలను? తీసుకుని సొరుగులో పెట్టాను.

చివరికి ఒక రోజు కోదండపాణి కమిషనరుగారి గదిలోకి చెప్పులు కూడా విప్పకుండా పరుగెత్తుకొచ్చారు.

"దొరికింది సార్! నిశ్శేషం! చిట్టచివరి సంఖ్య సార్! పది లక్షల మూడుతో భాగిస్తే ఒకటి వచ్చింది, సున్నా మిగిలింది!"

విరూపాక్షరావుగారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్లు చెమర్చాయి. "వెయ్యి దగ్గర ఆపమంది చూశావా ఆ లెక్చరరు! ఆగి ఉంటే ఏమయ్యేవాళ్లం? సరే, అయితే వార్డులెన్ని?"

"పది లక్షల మూడు సార్."

"వార్డుకి జనాభా?"

"ఒక్కరు సార్."

"అందరికీ సమానమేనా?"

"అక్షరాలా సమానం సార్."

"యాభైకి తగ్గలేదు కదా?"

"తగ్గలేదు సార్, కాస్త ఎక్కువే."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా ఊళ్లో పిడికెళ్లు కూడా సమానంగా వచ్చాయి. దేశంలోనే తొలిసారిగా ప్రతి పౌరుడికీ ఒక వార్డు అని పత్రికలకి రాశాను. రాజధాని నుంచి అభినందనలు వచ్చాయి. మిగతా నగరాలన్నీ ఇంకా భాగిస్తూనే ఉన్నాయట.

ఆ తర్వాత వార్డులకి రిజర్వేషన్లు తియ్యాలి. సగం వార్డులు మహిళలకి కేటాయించడం చట్టం. చీటీలు తీశారు. చీటీకి ఏ వార్డులో ఎవరున్నారో తెలియదు కదా. పప్పులవీధిలో లింగమూర్తిగారని రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు ఉన్నారు. ఆయన వార్డు మహిళలకి పోయింది. ఆ వార్డులో ఉన్నది ఆయనొక్కరే.

"నేను మహిళని కానండీ" అని ఆయన అభ్యంతరం పెట్టారు.

"అది వార్డు గురించిన నిర్ణయం, మీ గురించి కాదు. మీరు ఓటు వెయ్యవచ్చు, పోటీ మాత్రం చెయ్యకూడదు" అన్నారు కోదండపాణి.

"ఎవరికి వెయ్యనండీ ఓటు?"

"మీ వార్డులో నిలబడిన మహిళకి."

లింగమూర్తిగారు ఇంటికి వెళ్లి అద్దంలో చాలాసేపు చూసుకున్నారని చెప్పుకున్నారు.

పసిపిల్లల వార్డులకి పోటీ చేసే వయసు వచ్చేదాకా స్పెషల్ ఆఫీసర్ల పాలన పెట్టారు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్లు పాలసీసాలతో తిరిగారు. ఎన్నికల నియమావళి ప్రకారం పోలింగుకి రెండు రోజుల ముందు ప్రచారం ఆపెయ్యాలి కనుక ఎవరూ తమలో తాము మాట్లాడుకోకూడదని దండోరా వేశారు. స్నానం చేస్తూ ఏదో గొణుక్కున్న ఒక పెద్దమనిషి మీద కేసు కూడా పెట్టారు. ఆయన హనుమాన్ చాలీసా చదువుతున్నానని వాదించి బయటపడ్డాడు.

ఫలితాలు ప్రశాంతంగా వచ్చాయి. పోటీ చేసినవాళ్లలో దాదాపు అందరూ నూటికి నూరు శాతం మెజారిటీతో గెలిచారు. మా ఆఫీసు వీధి చివర కిళ్లీకొట్టతను మాత్రం ఓడిపోయాడు. 'పై వారెవరూ కాదు' అన్న గుర్తు మీద నొక్కేశాడట. ఎందుకయ్యా అంటే, "నా సంగతి నాకు తెల్సు కదండీ" అన్నాడు. ఏటిపాడులో ఇంత నిజాయితీగా ఓటేసినవాడు ఇంకొకడు లేడు. నేను కూడా గెలిచాను.

కనకరత్నం గెలిచిన రోజు ఊరంతటికీ వినబడేలా పెనం మీద నీళ్లు చిలకరించి నాకు ఉప్మా పెసరట్టు వేసి ఇచ్చింది. డబ్బులు పుచ్చుకోలేదు.

"వడ్డించేవోడు మనోడైతే కడబంతిలో కూకున్నా పర్లేదంటారు. ఇయ్యాల వడ్డించేదీ నేనే, తినేదీ నేనే. ఇంక నా కాలవ బాగవకుండా ఎలా ఉంటాదండీ!" అంది.

గరిటె ఎవరి చేతిలో ఉందో నాకు తెలుసు. కానీ ఆవిడ మొహం చూశాక ఆ మాట అనలేకపోయాను.

మర్నాడు ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని ఆఫీసుకి వచ్చింది. కోదండపాణి ముందు నిలబడి కాలవ సంగతి చెప్పింది.

"వార్డు సమస్య అయితే మీ కార్పొరేటరుకి చెప్పుకోవాలమ్మా" అన్నారాయన.

"ఆ కార్పొరేటర్ని నేనేనండీ."

"అయితే మీకు మీరు చెప్పుకున్నారా?"

"రోజూ చెప్పుకుంటన్నానండీ."

"కార్పొరేటరు ఏమన్నారు?"

"కమిషనరు గారినడగమన్నారండీ."

పద్ధతి ప్రకారం వచ్చింది కాబట్టి ఆపడానికి లేదు. కోదండపాణి ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. విరూపాక్షరావుగారు అంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, చాలా మర్యాదగా మాట్లాడారు.

"చూడండి కార్పొరేటరుగారూ. పూర్వం వార్డంటే వీధులుండేవి, ఇళ్లుండేవి, కాలవలుండేవి. కొత్త విభజనలో వార్డంటే మనిషి. మనిషి తప్ప మరేమీ లేదు. ఆ కాలవ మీలో ఉందా?"

"నాలో ఎందుకుంటాదండీ!"

"అంటే మీ వార్డు పరిధిలో లేదన్నమాట. నగరమంటే వార్డుల మొత్తం. ఏ వార్డులోనూ లేని కాలవ నగరంలో లేనట్టే. లేని కాలవని మేం ఎలా బాగుచేస్తాం?"

"మరి వాసనొత్తంది గదండీ?"

"అది వాసన పరిధి. పాలనా పరిధి వేరు."

అంతవరకు నవ్వొచ్చిన నాకు అప్పుడు ఒళ్లు మండింది. ఆవిడ కట్టుకున్న ఆ ఇస్త్రీ చీర చూస్తే నాకు సిగ్గేసింది. ఆవిడ కదలకుండా నిలబడి ఉండడంతో కోదండపాణికి కూడా ఇబ్బందిగా అనిపించినట్టుంది. కొత్తగా వచ్చిన వివరణ మెమో తీసి చదివారు.

"మరీ మనిషి చర్మం దగ్గరే ఆగిపోదమ్మా వార్డు. మనిషి చేయి చాచగలిగినంత మేర ఆ మనిషి వార్డే. ఆ మేరలో ఉన్న చెత్త, మురుగు వగైరాలని ఒక రోజులోగా తొలగించడం నగరపాలక సంస్థ బాధ్యత."

"చెయ్యందితే చాలాండీ?"

"అందితే చాలు."

"ఆయ్, అలాగేనండీ" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

తెల్లవారి ఆఫీసు తెరిచేసరికి మెట్ల మీద నుంచి ఒక వాసన వచ్చింది. ఆ వాసనకి పరిధులేమీ ఉన్నట్టు లేవు. ముందు కనకరత్నం, వెనక లింగమూర్తిగారు, ఆయన వెనక పప్పులవీధి మొత్తం. ప్రతివాళ్ల చేతిలోనూ ఒక బక్కెట్టు, ప్రతి బక్కెట్టు నిండా కాలవ. అటెండరు ఆపబోయాడు. కార్పొరేటర్లని ఆపే అధికారం నీకెక్కడిదని లింగమూర్తిగారు అడిగేసరికి పక్కకి తప్పుకున్నాడు. లింగమూర్తిగారు కార్పొరేటరు కారన్న సంగతి ఆ కంగారులో ఎవరికీ గుర్తు రాలేదు.

కమిషనరుగారు బల్ల వెనక నిలబడి ఉన్నారు. కనకరత్నం ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇదిగోండి బాబూ. ఇప్పుడిది నా చేతిలో ఉంది. నా వార్డులో ఉన్నట్టేనాండీ?"

విరూపాక్షరావుగారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కోదండపాణి వంక చూశారు. ఆయన తల ఊపారు.

"ఉన్నట్టే. ఫిర్యాదు రాసివ్వండి. ఒక రోజులోగా తొలగిస్తాం."

"అందాకా మొయ్యలేనండీ, రెక్కలు లాగేత్తన్నాయి" అంటూ ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, బక్కెట్టుని ఆయన కుర్చీ పక్కనే దించి, గుమ్మం దాకా వెనక్కి నడిచి వచ్చేసింది. "ఇప్పుడు నాకు అందదండీ. తమరికందుద్ది."

గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది. కమిషనరుగారు కూడా ఏటిపాడు పౌరుడే. ఆయనకీ ఒక వార్డుంది. ఆయన వెంటనే రెండు చేతులూ ఛాతీకి గట్టిగా కట్టుకున్నారు.

"చాచినంత మేర కాదు సార్, చాచగలిగినంత మేర" అని కోదండపాణి మెమో చూసి గుర్తుచేశారు.

"నోరుముయ్యవయ్యా!" అంటూ ఆయన కిటికీ వైపు జరిగారు. అక్కడ లింగమూర్తిగారు తన బక్కెట్టు దించి వెనక్కి తప్పుకున్నారు. కమిషనరుగారు బీరువా దగ్గరికి వెళ్లారు. ఇద్దరు ఆడవాళ్లు అక్కడ రెండు దించారు. ఆయన ఎటు కదిలితే ఆయన వార్డూ అటే కదిలింది. వరండాలోకి పోదామంటే అక్కడ ఇంకా పాతిక బక్కెట్లు వరసలో ఉన్నాయి. ఒక రోజు గడువుందని నేను గుర్తుచేశాను. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

"ఆ పూడిక తీసే మిషను ఎక్కడుంది? ఇప్పుడే రావాలి! ఇప్పుడే!"

ఆ మిషను చెడిపోయి మూలపడి ఉందని రెండేళ్లుగా పత్రికలకి రాస్తున్నది నేనే. అది పావుగంటలో వచ్చింది. సాయంత్రానికి కాలవ అడుగు కనపడింది. పైన కొత్త పలక పడింది. రెండో రోజు నేను కనకరత్నం కొట్టు బెంచీ మీద కూర్చుని ముక్కు తెరుచుకుని పెసరట్టు తిన్నాను. నాకు తెలియకుండానే మూడు లాగించాను. బేరాలు తిరిగి మొదలయ్యాయి. కనకరత్నానికి నాతో మాట్లాడే తీరిక లేదు. అలా తీరిక లేకపోవడం చూస్తే ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఊరు ఊరుకుంటుందా? మర్నాటి నుంచి ఆఫీసు ముందు జాతర. కుళాయిలో వచ్చిన ఎర్రనీళ్లు బిందెలతో పట్టుకొచ్చినవాళ్లు, రోడ్డు గుంతలోని బురద గమేళాలతో తెచ్చినవాళ్లు, వీధి కుక్కల్ని తాళ్లు కట్టి తోలుకొచ్చినవాళ్లు. అందరూ ఎవరో ఒక అధికారికి చెయ్యందే దూరంలో పెట్టి వెనక్కి నడిచి వెళ్లిపోతున్నారు. ఏటిపాడులో అంత పారిశుద్ధ్యం అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. కోదండపాణి సెలవు పెట్టారు. కమిషనరుగారు కారు దిగకుండా ఫైళ్లు చూశారు. కారు ఆగినచోటల్లా అద్దం పక్కన ఒక బక్కెట్టు ఉండేది.

చివరికి రాజధాని దిగివచ్చింది. కొత్త ఉత్తర్వు వచ్చింది. ఏటిపాడు నగరమును ప్రత్యేక సందర్భముగా పరిగణించి, వార్డుకి ఇరవై వేల చొప్పున పూర్వమువలె యాభై వార్డులకు అనుమతించడమైనది. మిగులు ముగ్గురిని 'శేష పౌరులు'గా గుర్తించవలెను. వీరికి ఏ వార్డూ ఉండదు. వీరిని ప్రభుత్వం మిగల్చలేదనీ, వారే మిగిలారనీ భావించవలెను. ఆ ముగ్గురి ఎంపిక కమిషనరు విచక్షణకు వదలడమైనది.

శ్యామసుందరిగారు గుమ్మం దగ్గర ఆగి చెప్పిన మాటే. కాకపోతే ఇప్పుడు దానికి ఉత్తర్వు నంబరుంది.

చివరి వాక్యం చదివాక విరూపాక్షరావుగారు చాలా రోజుల తర్వాత నవ్వారు. పెన్ను తీసి ముగ్గురి పేర్లూ ఆగకుండా రాసేశారు. మొదటిది కనకరత్నం. రెండోది లింగమూర్తి. మూడోది శ్యామసుందరి, సంఖ్య స్వభావాన్ని ముందుగానే బయటపెట్టినందుకు. ఉత్తర్వులు అందజేసే పని నాకు అప్పగించారు. ప్రజాసంబంధాలు కదా.

కాగితాలు పట్టుకుని పప్పులవీధికి వెళ్లాను. కనకరత్నం పొయ్యి దగ్గర ఉంది. కొట్టు నిండా జనం. ఆవిడకి ఉత్తర్వు చదివి వినిపించాను. ఆవిడ అట్టు మీద నూనె తిప్పుతూనే విన్నది.

"అంటే నాకింక వార్డు లేదాండీ?"

"లేదమ్మా."

"కార్పొరేటరు?"

"ఎవరూ లేరు."

"కాలవ మళ్లీ పూడుకుపోతే ఎవరికి చెప్పుకోవాలండీ?"

"ఎవరికీ చెప్పుకోవడానికి వీల్లేదు. అర్జీ పెట్టినా తీసుకోరు" అన్నాను. ఆవిడ మొహం చూడలేక పొయ్యి వైపు చూశాను.

ఆవిడ అట్టు మడిచి ఆకులో వేసి నా ముందు పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, అందినట్టు సంతకం చేసింది.

"మరేం పర్లేదు లెండి బాబుగారూ. చెప్పుకున్నన్నాళ్లూ పని అవలేదు గదండీ. బక్కెట్టెత్తాకే గదండీ అయింది. అది నా కాడే ఉంది."

ఆఫీసుకి వచ్చి కమిషనరుగారికి సంతకాలు చూపించాను. ఆవిడేమైనా అందా అని అడిగారు. అన్నది అన్నట్టు చెప్పాను. ఆయన కాసేపు కిటికీలోంచి పప్పులవీధి వైపు చూసి, అటెండరుని పిలిచారు. ఆ సాయంత్రమే ఆయన గది ముందు కొత్త బోర్డు వేలాడింది: 'బక్కెట్లతో లోనికి ప్రవేశము లేదు.'

మర్నాటి నుంచి పప్పులవీధి కొట్లలో బిందెలకి గిరాకీ పెరిగింది.